కూలబడ్డ కారు లేచి నిలబడిన వైనం

సినిమా పత్రికలో కారు రిపేరు సంగతులేమిటయ్యా అని మీరు అడగబోతున్నారు. నాకు తెలుసు. కాస్త ఆగండి! ఈ వారం ఈ పేజీలో హీరో ఏ స్టారూ కాదు, మా ఇంటి అంబాసిడరు. 1984 మోడలు, మార్క్ ఫోర్, తెలుపు రంగు. అంటే ఒకప్పుడు తెలుపు.

ఈ కారుకి సినిమాతో చుట్టరికం నాకంటే ముందు నుంచీ ఉంది. మా నాన్నగారు విజయవాడ గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో డ్రైవరుగా చేశారు. డిక్కీలో రీళ్ల పెట్టెలు, వెనక సీట్లో రిప్రజెంటేటివు, ముందు సీట్లో వాల్‌పోస్టర్ల కట్టలు... ఈ సరంజామాతో గుడివాడ, కైకలూరు, రేపల్లె, తెనాలి తిరిగిన బండి ఇది. వెయ్యి అడుగుల రీలు తెర మీద సుమారు పదకొండు నిమిషాలు ఆడుతుంది. పదహారు రీళ్ల సినిమా అంటే డబ్బాలూ, పెట్టే కలిపి ఇద్దరు మనుషులు చెరో పక్కా పట్టి దించాల్సిన బరువు. అలాంటివి రెండు మూడు సినిమాలు ఒక్క ట్రిప్పులో వెళ్ళేవి. ప్రింట్లు పోయి డిజిటల్ వచ్చాక ఆఫీసు మూతపడింది. నాన్నగారికి రావలసిన జీతం బకాయి కింద ఈ కారు ఇంటికొచ్చింది. మా అమ్మ మాత్రం ఇప్పటికీ "జీతం ఇమ్మంటే ఇనుము ఇచ్చారు" అంటూ ఉంటుంది.

మొన్నామధ్య ఒక సినిమా యూనిట్ నుంచి ఫోనొచ్చింది. 1980ల నాటి కథట. పల్లెటూరి థియేటరు ముందు జనం కాచుకుని ఉంటారు, ప్రింటు ఆలస్యమవుతుంది, కారు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగుతుంది. ఆ షాట్‌కి అంబాసిడరు కావాలి. ఒక జర్నలిస్టు మిత్రుడు నా పేరు చెప్పాడట. నేను గంతేశాను. నాన్నగారు ఏమీ అనలేదు గానీ, ఆ సాయంత్రం బండి మీద కవరు తీసి స్వయంగా తుడిచారు. రెండేళ్ళుగా ఆయన ఆ కారు జోలికి వెళ్ళలేదు. నడుం నొప్పి.

ఆర్ట్ డిపార్ట్‌మెంటు కుర్రాడొచ్చాడు. వచ్చినవాడు బానెట్ ఎత్తలేదు, ఇంజను విననూ లేదు. తిన్నగా రోడ్డు మీద పడుకుని, సెల్‌ఫోను కెమెరా చక్రాల ఎత్తులో పెట్టి చూశాడు. లేచి ప్యాంటు దులుపుకుంటూ "సార్, బండి కూర్చునుంది. కుడిపక్కకి ఒరిగింది కూడా. మాది లో యాంగిల్ షాటు. కొత్తలో కారు ఇలా ఉండదు కదా సార్?" అన్నాడు. నాన్నగారు చేతిలో గుడ్డ పట్టుకుని అక్కడే ఉన్నారు. గుడ్డ మడతపెట్టి లోపలికి వెళ్ళిపోయారు. "మూడు వారాల్లో షూటింగు సార్, సరిచేయిస్తే చెప్పండి" అని కుర్రాడూ వెళ్ళిపోయాడు.

ఇక్కడ నా గుట్టొకటి విప్పాలి. ఈ కారు ఇలా కావడంలో నా చెయ్యి ఉంది.

రెండేళ్ళ క్రితమే వెనక భాగం కుంగుతోందని గమనించాను. నాన్నగారికి చెప్పకుండా ఒక షాపుకి తీసుకెళ్ళాను. "కమాన్ కట్టలో ఇంకో పట్టీ వేసేస్తే లేచి కూర్చుంటుంది సార్" అన్నారు. వేసేశారు. నిజంగానే లేచింది! ఆ పట్టీ ఏ బండిదో, ఎంత మందమో నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. బండి పైకి చూడ్డానికి ఠీవిగా ఉంది గానీ లోపల కూర్చుంటే ఎడ్లబండే నయం. తెనాలి పెళ్ళికి వెళ్ళొస్తుంటే ఒక గుంతలో పడింది. నాన్నగారి నడుం పట్టేసింది. ఆయన "నా వయసు అయిపోయిందిరా" అనుకున్నారు. నేను అనుకోనిచ్చాను. పట్టీ సంగతి చెప్పలేదు.

అదీ కథ. ఇప్పుడు నా దగ్గర ఉన్నది పద్దెనిమిది వేలు. ఫ్రీలాన్సు రాతగాడికి పద్దెనిమిది వేలంటే ఎన్ని ఇంటర్వ్యూలో, ఎన్ని ప్రెస్‌మీట్ల సమోసాలో మీరే లెక్కేసుకోండి.

ముందు ఒక రిమ్ముల షాపు కుర్రాడు దొరికాడు. "అన్నా, వెనక లేపడం దేనికి? ముందే దించేద్దాం! టార్షన్ బార్ రెండు పళ్ళు తిప్పి, వెడల్పు టైర్లేస్తే స్టాన్సు అదిరిపోద్ది" అన్నాడు. స్టాన్సు అంటే నిలబడే తీరు. కారుకీ ఒక నిలువు ఉంటుందన్న మాట. కుర్రాడు చెప్పిన దాంట్లో ఆశ పుట్టించే సంగతి ఒకటుంది. అంబాసిడరుకి ముందువైపు చుట్ట స్ప్రింగులుండవు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన పద్ధతి అది. పొడవాటి ఉక్కు కడ్డీ మెలి తిరుగుతూ బరువు మోస్తుంది. కడ్డీ చివర పళ్ళుంటాయి. ఒక పన్ను అటో ఇటో జరిపి బిగిస్తే ముందు భాగం ఎత్తు మారుతుంది. కోయక్కర్లేదు, కొనక్కర్లేదు. మరి చవకే కదా అనిపిస్తుంది!

ఆటోనగర్ సాయిబు గారి దగ్గరికి వెళ్ళి ఈ మాటే అన్నాను. నాన్నగారి కాలం నుంచీ ఈ బండి చూసిన మనిషి ఆయన. నవ్వారు. "దించొచ్చు బాబూ. అప్పుడు గుంతలో పడితే చక్రం పైకెళ్ళడానికి చోటేదీ? తిన్నగా రబ్బరు దిమ్మకి కొడుతుంది. అది నాన్నగారి నడుముకి కొట్టినట్టే. చక్రాల కోణం మారిపోతుంది, టైర్లు ఒక పక్కే అరుగుతాయి. పైగా ఈ బండికి పవర్ స్టీరింగు లేదు. వెడల్పు టైర్లేస్తే తిప్పడానికి ఇద్దరు కావాలి" అన్నారు. చట్టం సంగతి నేను చేర్చాను. కంపెనీ ఇచ్చిన తీరుకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. "అది నాకు తెలీదు గానీ, బండి చెప్పింది చాలు" అన్నారాయన.

నేను కొత్త షాకబ్జర్లు వేయిద్దామన్నాను. మీలో చాలామందికీ ఇదే భ్రమ ఉండి ఉంటుంది. మామూలు ఆయిల్ షాకబ్జరు బండిని లేపదు! బరువు మోసేది స్ప్రింగు. ఊపును ఆపేది షాకబ్జరు. స్ప్రింగు కుంగిన బండికి ఎన్ని కొత్త షాకబ్జర్లు బిగించినా అది కుంగే ఉంటుంది. షాకబ్జరు పోయిన బండి ఎత్తు సరిగానే ఉండొచ్చు గానీ బ్రేకు వేశాక మూడుసార్లు తలూపుతుంది. ఒక మూల గట్టిగా నొక్కి వదలండి. లేచి, కాస్త దిగి ఆగిపోతే మంచిది. ఉయ్యాలలా ఊగుతూ ఉంటే పోయినట్టు. మాది ఊగింది.

"ముందు డిక్కీ తియ్యండి" అన్నారు సాయిబు గారు.

తీశాం. అమ్మో! స్టెప్నీ, జాకీ సరే. పాత డైనమో ఒకటి, బ్రేకు డ్రమ్ములు రెండు, కార్బురేటర్లు రెండు, గోనెసంచి నిండా బోల్టులూ పానాలూ, నీళ్ళ క్యాను, అన్నిటికీ అడుగున ఖాళీ రీలు డబ్బాలు తొమ్మిది. ఒక డబ్బా మీద నాన్నగారి చేతిరాతతో "కైకలూరు – సెకండ్ షో" అని ఉంది. పాత ఇనుము కొట్లో అడిగి కాటా వేయించాను. అరవై నాలుగు కిలోలు! ఒక మనిషిని ఎప్పుడూ డిక్కీలో పెట్టుకుని తిరుగుతున్నామన్న మాట. అమ్మెయ్యమన్నాడు కొట్టువాడు. డబ్బాలు నేను ఇంటికి తెచ్చుకున్నాను, మిగతా సామాను కూడా తెచ్చాను. అమ్మితే నాన్నగారితో యుద్ధం. ఖాళీ అవగానే వెనక భాగం రెండు వేళ్ళ మందం పైకి లేచింది. పైసా ఖర్చు లేకుండా!

తర్వాత కొలతలు. చదునైన గచ్చు మీద బండిని ముందుకీ వెనక్కీ నెట్టి, నాలుగు టైర్లలో గాలి సరిచూసి, చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపు పెట్టారు. వెనక కుడి, ఎడమకంటే అంగుళంన్నర తక్కువ. ముందు కుడి ముప్పావు అంగుళం తక్కువ. "మరి ముందు కూడా చెయ్యాలి కదా" అన్నాను నేను. "ఆగు బాబూ. నాలుగు కాళ్ళ మంచంలో ఒక కోడు విరిగితే మిగతావి కూడా వంకరగానే కనిపిస్తాయి. వెనకది కానీ" అన్నారు.

కమాన్ కట్టలు రెండూ దించారు. కుడి కట్ట విప్పగానే అసలు దొంగ దొరికాడు. నేను వేయించిన పట్టీ! మిగతా వాటికంటే మందంగా ఉంది, వంపు వేరేగా ఉంది. అన్ని పట్టీలూ ఒకదానితో ఒకటి అతికినట్టు ఉంటేనే బరువు పంచుకుంటాయి. ఇది ఒక్కచోట ఎత్తిపెట్టి పక్క పట్టీని పొడిచింది. ఆ పక్క పట్టీ నడుమ సెంటర్ బోల్టు కన్నం దగ్గర చీలి ఉంది. పట్టీలు తరచు విరిగేది అక్కడే. కన్నం ఉన్నచోట ఉక్కు పలచన.

"ఇదెవరు వేశారు?" అన్నారు సాయిబు గారు.

నేను పైకప్పు చూశాను. అప్పుడు చూసుకోలేదు, నాన్నగారు కూడా వచ్చి వెనక నుంచున్నారు. ఆటో ఎక్కి వచ్చారట, "నా బండి విప్పుతుంటే నేనింట్లో ఏం చేస్తాను" అని. పట్టీ చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. "ఎప్పుడు వేశావురా?"

చెప్పాను. తెనాలి పెళ్ళికి ముందు అని కూడా చెప్పాను.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. పట్టీ సాయిబు గారికి ఇచ్చి "అయితే నడుం నాది కాదన్న మాట, దీనిది" అన్నారు. తిట్టి ఉంటే బావుండేది. ఆ మధ్యాహ్నం టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చారు, నన్ను ఇవ్వనివ్వలేదు.

కమాన్ కట్టల మేస్త్రి దగ్గర ఒక రోజు పట్టింది. ఇది తెలుసుకోదగ్గ పని. కుంగిన పట్టీకి మళ్ళీ వంపు తెప్పించవచ్చు. కానీ గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచేస్తే ఉక్కులో సత్తువ పోతుంది, నాలుగు నెలల్లో మళ్ళీ చాప చుట్టినట్టు పడిపోతుంది. ఈ మేస్త్రి చల్లగానే, అంగుళం అంగుళం జరుపుకుంటూ, దిమ్మ మీద పెట్టి సుత్తితో కొట్టాడు. దెబ్బ దెబ్బకీ నేల మీద సుద్దతో గీసిన వంపు మీద పెట్టి చూసుకున్నాడు. ఎడమదీ కుడిదీ ఒకే గీతకి సరిపోవాలి. చీలిన పట్టీ స్థానంలో అదే మందం, అదే వెడల్పుది కొత్తది వేశాడు. నా పట్టీ మూలన పడింది. బిగించేముందు పట్టీల మధ్య తుప్పు గీకి గ్రాఫైట్ గ్రీజు రాశాడు. తుప్పు పట్టిన పట్టీలు ఒకదాని మీద ఒకటి జారవు. జారకపోతే కట్టంతా ఒక్క దిమ్మలా పనిచేస్తుంది. మన నడుముల మీద పడే దెబ్బల్లో సగం ఆ తుప్పువే!

రబ్బరు బుష్షులు అన్నీ మార్చాం. ఇక్కడ సాయిబు గారు చేసిన పని ఎంతో మంది చెయ్యనిది. బండి జాకీ మీద వేలాడుతుండగా బుష్షుల బోల్టులు చేత్తో మాత్రమే బిగించి వదిలేశారు. బండిని కిందికి దించి, చక్రాల మీద బరువు పడ్డాక, అప్పుడు కింద దూరి గట్టిగా బిగించారు. వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు అక్కడే పట్టేసి, బండి దించగానే మెలి తిరుగుతుంది. ఎత్తు కూడా అబద్ధం చెబుతుంది, రబ్బరు త్వరగా చిరుగుతుంది. పైసా ఖర్చు లేని జాగ్రత్త. మీ బండికి చేయించుకునేటప్పుడు దగ్గరుండి చూడండి.

వెనక సరయ్యాక మళ్ళీ టేపు పెట్టారు. వెనక తేడా లేదు. ముందు ముప్పావు అంగుళం తేడా కాస్తా పావు అంగుళం అయింది! అంటే ముందు వైపు చాలామటుకు వెనక కాలి కుంటితనమే. "ఇక ముట్టుకోవద్దు" అన్నారు సాయిబు గారు. కడ్డీ దగ్గర ఒక్క పన్ను జరిపితే మడ్‌గార్డు దగ్గర అంతకు ఎన్నో రెట్లు తేడా వస్తుంది, పావు అంగుళం కోసం కెలికితే అటు పక్క ఎత్తవుతుంది. అన్నట్టు, ఆ కడ్డీలో మెలి బలం అణిగి ఉంటుంది. సరైన పట్టు లేకుండా విప్పితే మనిషిని కొడుతుంది. ఇంట్లో జాకీ పెట్టుకుని చేసే ప్రయోగం కాదది. ఎడమ కడ్డీ కుడికి వెయ్యకూడదు కూడా. ఏ పక్కది ఆ పక్కకే మెలి అలవాటు పడి ఉంటుంది.

లెక్క చెప్పమంటారా? కమాన్ కట్టల పని, కొత్త పట్టీ, యూ బోల్టులు కలిపి అయిదు వేల రెండొందలు. బుష్షులు పదకొండు వందలు. షాకబ్జర్లు నాలుగు, ఆరు వేల నాలుగొందలు. సాయిబు గారి కూలి మూడు వేలు, అదీ ఆయన నాన్నగారి ముఖం చూసి తగ్గించింది. చక్రాల అలైన్‌మెంటు అయిదొందలు. ఎత్తు మారిన బండికి అది తప్పనిసరి. మొత్తం పదహారు వేల రెండొందలు. అయిదొందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్ళీ బిగించడానికి రమ్మన్నారు, దానికి డబ్బులొద్దన్నారు.

బండి ఇంటికి నేను నడుపుతానంటే నాన్నగారు తాళాలు ఇవ్వలేదు. రెండేళ్ళ తర్వాత స్టీరింగు పట్టుకున్నారు. బెంజి సర్కిల్ దాకా నేను ఆయన నడుము వంకే చూస్తూ కూర్చున్నాను. "రోడ్డు చూడరా, నా వంక కాదు" అన్నారు.

ఇక షూటింగు. గుడివాడ రోడ్డులో ఒక పాత థియేటరు. డ్రైవరు వేషానికి జూనియర్ ఆర్టిస్టుని తెచ్చారు గానీ, స్టీరింగు పక్కనుండే గేరు ఆ అబ్బాయి జన్మలో చూళ్ళేదు. రెండుసార్లు ఇంజను ఆగిపోయాక, నాన్నగారికి ఖాకీ చొక్కా తొడిగి కూర్చోబెట్టారు. అద్దె మాట ఆయన ఎత్తలేదు, పెట్రోలు పోయిస్తే చాలన్నారు. కెమెరా నేలకి ఆనించి పెట్టారు. యాక్షన్! బండి దుమ్ము రేపుకుంటూ వచ్చి థియేటరు ముందు ఆగింది. ముక్కు ఒక్కసారి కిందికి వంచి, లేచి, అంతే... కదల్లేదు. మానిటరు దగ్గర ఆ ఆర్ట్ కుర్రాడు నా వైపు చూసి బొటనవేలు ఎత్తాడు. నాకు ఏ అవార్డు ఫంక్షన్లోనూ అంత సంతోషం కలగలేదు సుమండీ.

షాటు ఓకే అన్నారు. తర్వాత ముక్క, ఇద్దరు కుర్రాళ్ళు డిక్కీ తెరిచి రీళ్ల పెట్టె దించి లోపలికి పరిగెత్తాలి. ఆర్ట్ వాళ్ళు ఇనప రేకుతో పెట్టె చేయించారు, చూడ్డానికి అచ్చు అలాగే ఉంది. కుర్రాళ్ళు దాన్ని పూలబుట్టలా ఎత్తుకుని పరిగెత్తారు. కట్ అనకముందే నాన్నగారు తలుపు తీసుకుని దిగిపోయారు. అందరూ ఉలిక్కిపడ్డారు.

"పెట్టె దించితే బండి వెనక లేవాలి బాబూ" అన్నారు డైరెక్టరుతో. "ఇది లేవలేదు. ఖాళీ పెట్టె."

డైరెక్టరు వయసులో నాకంటే చిన్నవాడు. కోప్పడతాడేమో అనుకున్నాను. బండి వంకా, పెట్టె వంకా చూసి, లైటు స్టాండ్ల కాళ్ళకి వేసే ఇసుక మూటలు తెప్పించమన్నాడు. నాన్నగారు డిక్కీ పక్కన నుంచుని ఒక్కొక్కటే పెట్టెలో వేయించారు. ఒకటి. రెండు. మూడు. నేను పదహారు వేల రెండొందలు పోసి లేపిన వెనక భాగం నా కళ్ళముందే మెల్లగా కిందికి దిగుతోంది. నాలుగు.

"చాలా సార్?" అన్నాడు లైట్‌బాయ్.

నాన్నగారు మడ్‌గార్డు కింద వేళ్ళు పెట్టి ఎత్తు చూసుకున్నారు.

"ఇంకోటి వెయ్యి. మూడు గంటల సినిమా అది."